పెట్టె చెక్కలతో అమ్మకు పీట

ఇలా పొయ్యి దగ్గరకు జరగండి. పొగ వస్తే కళ్ళు తుడుచుకోండి గానీ లేచిపోకండి. నేను చదివింది మూడు తరగతులు. అందులో సగం అక్షరాలు ఎప్పుడో జారిపోయాయి, చూసినవి మాత్రం ఒక్కటీ జారలేదు. ఇంట్లో మా మాట వేరు, మీకోసం తెలుగులోనే చెబుతాను.

కింది మన్యంలో తెల్లదొరల మీద లేచిన పితూరీ అణిగిన తరవాతి సంవత్సరాలవి. అనంతగిరి సంతకు అరపూట నడకలో మా ఊరు. ఇరవై గడపలు కూడా ఉండేవి కావు. మా వాళ్ళలో మనిషి పోతే కాల్చి రావడంతో పని అయిపోదు. ఊరి చివర రాళ్ళుంటాయి. పోయిన ప్రతివారికీ ఒక పరుపు రాయి, దాని వెనక ఒక నిలువు రాయి. పరుపు రాయి మీద చోడి అంబలి, అదే మీ రాగి జావ, పోసి పేరు పెట్టి పిలుస్తారు. అప్పటినుంచి అది ఆ మనిషి పీట. పీట పడేదాకా పోయినవాళ్ళు ఇంటి చూరు కింద నిలబడే ఉంటారని మా నమ్మకం. ఆడమనిషికైతే ఆ రాయి పుట్టింటివాళ్ళే తేవాలి. ఇంకెవరు తెచ్చినా చెల్లదు.

మా అమ్మకు రాయి పడలేదు. జ్వరం ముదిరినప్పుడు అయ్య మంత్రం వేసే గురువును కాదని, డోలీ కట్టించి కింద దవాఖానాకు మోయించాడు. మాత్రలిచ్చారు. తిరుగుదారిలో రెండో మలుపు దగ్గర అమ్మ పోయింది. గురువు చేతే మంత్రం వేయించమని ముందే చెప్పిన మా మేనమామ, గెడ్డ అనే కొండవాగు అవతలి ఊరినుంచి వచ్చి, చెల్లెలి ముఖం చూసి, అయ్యతో ఒకే మాట అన్నాడు.

"నా మాట ఇనకుండా కిందకి మోసుకెల్లినావు గదా బావా. రాయి కూడా ఆ దవాకానా వోళ్ళనే తెమ్మను."

ఆ తరవాత రెండు వానలు వచ్చి వెళ్ళాయి. మావ రాలేదు, అయ్య పిలవలేదు. మా అవ్వ మాత్రం పొద్దు వాలగానే చూరు కింద దొప్పలో అంబలి పెట్టి, "నిలబడే తాగేయి కోడలా, ఏటి సేత్తాం" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కాళ్ళు పీకేవి. అమ్మకు నొప్పిగా ఉంటుంది కాబోలు అనుకునేదాన్ని. అప్పటికి నాకు పదేళ్ళు ఉండవచ్చు.

ఆ రోజుల్లోనే కొండ దిగువ పెంకుల బడిలో చేతిపని క్లాసు పెట్టారు. మాస్టారు విజయనగరం వైపు మనిషి, బక్కగా ఉండేవాడు, చలికి ఎప్పుడూ చెవులకు గుడ్డ కట్టుకునేవాడు. పట్నంలో బొమ్మలు వేయడం నేర్చుకున్నాడట. కిరసనాయిలు డబ్బాలు వచ్చే పెట్టెలు విప్పి, ఆ పలచటి చెక్కలు మా ముందు కుప్ప పోశాడు. రెండు చిన్న రంపాలు, ఉప్పుకాగితం, కుండలో చింతపిక్కల బంక. అంతే సామాను.

"ఇవాళ ఎద్దు చెయ్యకండి, ఇల్లు చెయ్యకండి, మనిషిని చెయ్యకండి. ఏమీ కానిది చెయ్యాలి" అన్నాడు.

మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నా పక్కన కూర్చునే పిల్ల నోరు ఊరుకోదు. "ఏటీ కాంది ఎలాగ సేత్తారు బాబూ? సెయ్యకుండా కూకుంటే అదే అవదేటి?" అంది.

మాస్టారు కూడా నవ్వాడు. తరవాత ఒక చెక్క బల్ల మీద పరిచాడు. దాని మీద ఇంకోటి కొంచెం పక్కకు జరిపి పెట్టాడు. ఒకటి నిలువుగా ఆనించాడు. కిటికీలోంచి ఎండ పడి, చెక్కకూ చెక్కకూ మధ్య నీడ నిలిచింది. "చూడండి. పలక మీద పలక. ఇది దేని బొమ్మా కాదు. కానీ బరువుంది, నీడ ఉంది, నిలబడింది. ఇది చేతికి వస్తే రేపు కుర్చీ అయినా కిటికీ అయినా వస్తుంది" అన్నాడు.

మిగతావాళ్ళకు ఏం కనిపించిందో నాకు తెలియదు. నాకు మాత్రం ఊరి చివర రాళ్ళు కనిపించాయి.

నాలుగు రోజులు పట్టింది నాకు. కింద వెడల్పు చెక్క, దాని మీద రెండు, ఒకదాని కంటే ఒకటి చిన్నవి. వెనక నిలువు చెక్క. నేను పడమర అనుకున్న పక్కన ఒక చిన్న పలక అడ్డంగా. అంచులు ఉప్పుకాగితంతో వేలికి గీసుకోనంత నున్నగా రుద్దాను. పక్క పిల్ల చేసినదానికి రెండు కొమ్ములు వచ్చాయి.

"ఇది మేక కదూ?" అన్నాడు మాస్టారు.

"మేక కాదు బాబూ. ఏటీ కాదు."

"మరి కొమ్ములెందుకు?"

"అవి ఆటంతటవే వొచ్చేసేయి బాబూ!"

అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. మధ్యాహ్నం బువ్వకు అందరూ బయటకు వెళ్ళాక, నా దొప్పలోని అంబలి నాలుగు చుక్కలు పై చెక్క మీద పోసి, అమ్మను పేరు పెట్టి పిలిచాను. కూకోయే అమ్మా, అన్నాను.

తప్పని నాకు తెలియకపోలేదు. ఆడపిల్ల పీట వేయకూడదు. కానీ ఇది రాయి కాదు గదా, చెక్కే గదా అని మనసుకు చెప్పుకున్నాను.

మర్నాడు మాస్టారు అన్నీ వరసగా పెట్టించి చూశాడు. నాదాని దగ్గర ఆగి, వంగి, నాలుగు పక్కల నుంచీ చూశాడు. "ఇదేమిటమ్మా?" అని అడిగాడు.

"ఏటీ కాదు బాబూ."

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా! నేను చెప్పింది ఈ పిల్లకు అర్థమైంది. విజయనగరంలో బళ్ళ పిల్లలు చేసిన వస్తువులు ప్రదర్శనకు పెడుతున్నారు. మన బడి నుంచి ఇదే వెళుతుంది. సోమవారం కావిడివాళ్ళు వస్తారు" అన్నాడు.

పిల్లలు నా వీపు తట్టారు. నేనేమో దాని మీద అంబలి పోసి పిలిచాను. అమ్మ చూరు కింద నుంచి వచ్చి అక్కడ కూర్చుంది. ఇప్పుడు ఆమెను కావిడిలో పెట్టి, ఎన్నడూ చూడని ఊరు తీసుకుపోతారు. అక్కడ ఆమెను పిలిచేవారెవరు? మా మాట తెలిసినవారెవరు? ఒకసారి కిందకు మోసుకుపోతేనే ప్రాణం పోయింది.

సోమవారం తెల్లవారగానే బడికి పరుగెత్తాను. మాస్టారు అప్పటికే వచ్చి, పీట ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అంబలి ఎండిన చోట చీమలు బారు కట్టాయి. ఆయన చేతిలో తడిగుడ్డ.

"తుడవొద్దు బాబూ!" అని కేక పెట్టాను.

"ఎవరో తిండి ఒలికించారమ్మా. ఇలాగే పంపిస్తే ఏం బాగుంటుంది?"

"ఒలికింది కాదు బాబూ, నానే ఎట్టేను. అది మా అమ్మకి."

ఏడుస్తూనే అంతా చెప్పాను, జ్వరం దగ్గర నుంచి చూరు కింద దొప్ప దాకా. ఆయన గుడ్డ పక్కన పెట్టేశాడు.

"మరి ఏమీ కాదని ఎందుకు చెప్పావమ్మా?"

"మీరు ఏటీ కాంది సెయ్యమన్నారు గదా బాబూ. నిజం సెప్తే తీసి ఒగ్గీమంటారని బయమేసింది."

ఆయన లేచి చెవుల గుడ్డ విప్పుకుని మళ్ళీ కట్టుకున్నాడు. కావిడివాళ్ళు వచ్చాక కొమ్ములున్నదాన్ని గడ్డిలో చుట్టి పంపించాడు. నా పీటను రెండు చేతులా పట్టుకుని, "పద, దారి చూపించు" అన్నాడు. ఆ బక్క మనిషి మూడుచోట్ల ఆగి ఊపిరి పీల్చుకున్నాడు గానీ, చెక్కను నేల మీద పెట్టలేదు.

అవ్వ చూసి గుండె బాదుకుంది. "ఓలమ్మో, ఎంత పని సేసేవే గుంటా! సెక్క మీద కూకోబెట్టేవా? సెదలు పడితే సెక్కతోపాటు మీ అమ్మనీ తినేత్తాయి గదే!"

"తీసేస్తే సరిపోదా అవ్వా?" అన్నాడు మాస్టారు మెల్లగా.

"పిలిసేసింది గదా బాబూ. పిలిసినాక తీసీడానికి మనమెవులం? ఆడి సెయ్యే పడాల." గెడ్డ అవతలకు చెయ్యి చూపించింది.

అయ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. రెండేళ్ళుగా దాటని గెడ్డ. తలగుడ్డ చుట్ట చేసి, దాని మీద పీట పెట్టుకున్నాడు. నేను వెనకే నడిచాను.

మావ పెరట్లో గొడ్డలికి పిడి వేస్తున్నాడు. తల ఎత్తి, అయ్య నెత్తి మీద ఉన్నది చూసి, "ఏటిది?" అన్నాడు.

"నీ సెల్లి" అన్నాడు అయ్య.

మావ చేతిలో పిడి ఆగిపోయింది. అయ్య పీట దించి, తాను కూడా పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "నాది తప్పే బావా. బతుకుద్దనే మోసుకెల్లినాను. బతకలేదు."

మావ ఆయన వైపు చూడలేదు. "ఎవులు సేసేరు?"

"నానే మావా."

"ఆడగుంటవి, నువ్వెయ్యకూడదని తెలీదా?"

"తెలుసు మావా. అమ్మకి కాళ్ళు నొప్పెడతాయని."

పీటను తనవైపు తిప్పుకుని, చెక్కల అంచుల మీదుగా వేలు పోనిచ్చాడు. "ఈ పక్క పలకేటి? మన రాళ్ళకి ఇలాగుండదు గదా."

"పడమటెండ కళ్ళల్లో పడితే అమ్మకి పడదు గదా మావా."

ఆయన ఆ పలక మీద చెయ్యి ఉంచాడు. "సిన్నప్పుడూ అంతే. నా ఈపు సాటున నడిసేది" అన్నాడు. లేచి లోపలికి వెళ్ళి గునపం తెచ్చుకున్నాడు.

ఆ వారం రోజుల్లో ఆయనా అయ్యా కలిసి గెడ్డలోంచి మూడు రాళ్ళు మోసుకొచ్చారు. పరుపు రాయి, నిలువు రాయి, పడమటి పక్కకు ఒక చిన్న పలక రాయి. పెద్దలు మూడోదానికి అడ్డం చెప్పబోతే మావ, "నా సెల్లి, నా రాయి" అన్నాడు. అంబలి ఆయనే పోశాడు, ఆయనే పిలిచాడు. నా చెక్కపీటను ఆ రోజు విందు వంట పొయ్యిలో పెట్టారు. దాచుకుంటానని అడిగాను, అవ్వ ఒప్పుకోలేదు. పిలుపు దిగిపోయిన పీట ఇంట్లో ఉంటే మళ్ళీ ఎవరికోసమో ఎదురుచూస్తుందట. నాలుగు రోజులు రుద్దిన అంచులు నల్లబడడం చూస్తూ కూర్చున్నాను. అవ్వ ఆ సాయంత్రం చూరు కింద దొప్ప పెట్టలేదు. చెయ్యి అలవాటుగా దాని కోసం వెళ్ళి, ఖాళీగా వెనక్కు వచ్చింది.

ఇంతసేపూ కదలకుండా విన్నారు. మీ గాదెల్లో చోళ్ళకు పురుగు పట్టకుండా ఉండాలి. మీ ఇంటి ఆడపిల్లలకు పుట్టిల్లు ఎప్పుడూ దూరం కాకూడదు. మీ ఇంట అలిగినవాళ్ళుంటే, మనుషులు బతికుండగానే మాట కలపాలి. చల్లగా ఉండండి.