పెదవులు కనపడేంత బొమ్మ

మా మేనత్త ఇంట్లో టీవీకి సౌండు ఉండదు. సున్నా దగ్గర పెట్టి, రిమోటు మీద ఆ మీట ఎవరూ నొక్కకుండా టేపు అతికించి ఆరేళ్ళయింది. ఒకసారి పొరపాటున మీట నొక్కుకుపోయి వీధంతా మోత మోగుతుంటే, ఆవిడ తన పాటికి తాను దిండు గలీబుకు గుండీలు కుట్టుకుంటూ కూర్చుందట. పక్కింటావిడ తలుపులు బాదినా తెలియలేదు. ఆ పరువు తక్కువ మళ్ళీ జరగకూడదని టేపు.

అత్త మరమగ్గాల షెడ్డులో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. చెవులు అక్కడే పోయాయి. కొత్తగా చేరినవాళ్ళకు తెగిన పోగు అతకడం నేర్పేది ఆవిడే. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టేస్తుంది. వీధి అవతల నిలబడి తిట్టుకున్నా దొరికిపోతారు. నేను రెండుసార్లు దొరికాను. ఒకే ఒక్క చిక్కుంది. మ, ప, బ పలికేటప్పుడు పెదవులు ఒకేలా మూసుకుంటాయి కనక మాట, పాట, బాట మూడూ ఆవిడకు ఒకటే. ముందూ వెనకా చూసి ఏరుకుంటుంది.

కొత్తగా వచ్చిన మేనేజరు, వినపడని మనిషి మిషన్ల మధ్య ఉంటే ప్రమాదమని ఆవిడను పనిలోంచి ఆపేశాడు. ప్రధాన కార్యాలయం వేరే ఊళ్ళో ఉంది, అందుకని విచారణ వీడియోలో పెట్టారు. మొదటిసారి నా ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. ముగ్గురు అధికారులు అగ్గిపెట్టెలంత గళ్ళలో కనిపించారు. ఎన్నేళ్ళ నుంచి పనిచేస్తున్నారని అడిగితే అత్త "ఎనిమిదండీ" అంది. ఎన్ని మగ్గాలు చూస్తావని అడిగారనుకుంది. ముగ్గురూ మొహాలు చిట్లించారు.

రెండోసారి విచారణ పెడతాం, ఇదే ఆఖరుసారి అంటూ ఉత్తరం వచ్చింది. ప్రశ్నలు రాసి ఇమ్మని నేను అర్జీ పెడితే, షెడ్డులో ఎవరూ రాసివ్వరు కదా అని జవాబిచ్చారు. ప్రశ్న ఆవిడే గ్రహించాలి, పక్కవాళ్ళు మాట్లాడకూడదు. తప్పితే ఉద్యోగం పోయినట్టే. చదివితే ఒళ్ళు మండిపోయింది.

నేను ఫోటో స్టూడియోలో పనిచేస్తాను. బొమ్మ సంగతి నాకొకరు చెప్పాలా అనుకుని, ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకే కేబులు పట్టుకుని దిగాను. విచారణ పదిన్నరకు. మాట్లాడకూడదన్నారు గానీ రాయకూడదనలేదు కదా! అందుకని సంచిలో ఒక పలక కూడా వేసుకున్నాను. ప్రశ్న నేను వింటాను, రాసి టీవీ పక్కనుంచి చూపిస్తాను. అత్తకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు.

కేబులు ఒక కొస ల్యాప్‌టాప్‌కు, ఇంకో కొస టీవీ వెనక పెట్టాను. సిగ్నల్ లేదంది టీవీ. వెనక రెండు రంధ్రాలున్నాయి. నేను పెట్టింది రెండోదాంట్లో, అది వెతుకుతోంది ఒకటోదాంట్లో. రిమోటుతో మార్చాక బొమ్మ వచ్చింది. వచ్చింది గానీ మసక మసకగా, అడ్డంగా సాగిపోయి వచ్చింది. టైము పదీ పది.

"నా మొహమే బన్నులా ఉంది," అంది అత్త, కెమెరాలో తనను చూసుకుని. "ఇంక వాళ్ళ పెదాలేం తెలుస్తాయే?"

"తెలుస్తాయి. కాసేపు ఆగు."

ల్యాప్‌టాప్ తెర కొలతనే టీవీ మీద కూడా సాగదీస్తోందని అప్పుడు తట్టింది. బొమ్మ టీవీకి మాత్రమే వెళ్ళేలా మార్చి, టీవీ సొంత కొలత ఎంచాను. తెర ఒక్కసారిగా నల్లబడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు క్షణాల తర్వాత, కనుబొమ్మ మీది చిన్న మచ్చతో సహా అత్త తేటగా కనిపించింది.

ఇంకా ఉంది. కెమెరా ల్యాప్‌టాప్‌లో ఉంది కదా, అది పక్కనుంటే అత్త దిక్కులు చూస్తోందనుకుంటారు. స్టూలు వేసి ల్యాప్‌టాప్‌ను సరిగ్గా టీవీ కిందికి జరిపాను. పదీ ఇరవై ఎనిమిది.

ముగ్గురూ వచ్చారు. మధ్యలో ఉన్న కళ్ళజోడాయన పెదవులు కదిలాయి. నాకేమీ వినపడలేదు! సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. కేబులు గుండా బొమ్మతో పాటు సౌండు కూడా టీవీలోకి వెళ్ళిపోయిందని అప్పుడు బుర్రకెక్కింది. రిమోటు తీసి టేపును గోటితో గీకాను. ఆరేళ్ళ టేపు, ఊడి చస్తేనా? అత్త తెర మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాచి, రిమోటు లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

ఇక నాకు వినపడేవి అత్త జవాబులే.

"ఇరవై రెండేళ్ళండీ."

"ఎనిమిది మగ్గాలు. నేర్పేటప్పుడు నాలుగు."

"పోగు తెగితే చేతికి తెలుస్తుందండీ. మగ్గం అదురు మారుతుంది."

తర్వాత బట్టతలాయన ఏదో అడిగాడు. అత్త పలకలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. అప్పుడూ పలకలేదు. రిమోటు మీద ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి. అయిపోయింది, ఉద్యోగం పోయింది అనుకున్నాను. ఎదుటివాళ్ళు ఏమంటున్నారో తెలియకుండా కూర్చోవడం ఎంత నరకమో నాకు తెలిసింది ఆ నిమిషంలోనే.

"షెడ్డులో అది ఎవరికీ వినపడదండీ," అంది చివరికి. "మీరొచ్చి నిలబడినా వినపడదు. అక్కడందరం పెదాలు చూసే పనిచేస్తాం. మేనేజరుగారొక్కరే అరుస్తారు. ఆయన అరుస్తున్నట్టు ఎవరికీ తెలీదు."

ఎవరూ నవ్వలేదు. కళ్ళజోడాయన ముందుకు వంగి ఏదో అడిగాడు. అత్త నావైపు వేలు చూపించింది.

"ఉందండీ, మా మేనకోడలు. పలక కూడా తెచ్చుకుంది. కానీ పాపం, దానికేమీ వినపడటం లేదు."

ముగ్గురూ పగలబడి నవ్వారు, చప్పుడు లేకుండా. నేను సిగ్గుతో చచ్చి పలక వీపు వెనక దాచుకున్నాను. ఆవిడ మీద చెడ్డ కోపం వచ్చింది కూడా. కళ్ళజోడాయన ఒక కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. కాగితం సరిగ్గా నోటికి అడ్డం వచ్చింది.

"కాగితం కాస్త దించండీ," అంది అత్త.

ఆయన దించి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అత్త తలూపింది. తెర ఖాళీ అయింది.

"ఏమన్నారు?" అన్నాను. ఆవిడ నావైపు చూడటం లేదు. ఎదురుగా వెళ్ళి కూర్చుని మళ్ళీ అడిగాను.

"బట్టతలాయన మాట అన్నాడో పాట అన్నాడో తెలియలేదే. రెంటికీ సరిపోయేట్టు చెప్పాను."

"అది కాదత్తా! ఆఖరికి ఏమన్నారు?"

"సోమవారం నుంచి రమ్మని చదివాడు."

"రమ్మనా? పొమ్మనేమో! సరిగ్గా చూశావా?" అనేసి నాలుక కరుచుకున్నాను.

అత్తకు కోపం రాలేదు. నా చెయ్యి తీసుకుని, నా వేలు తన పెదవుల మీద ఆనించుకుని, గొంతు లేకుండా ఆ రెండు మాటలూ ఒకదాని తర్వాత ఒకటి పలికింది.

"పొమ్మంటే పెదాలు రెండుసార్లు మూసుకుంటాయి," అంది. "ఆ మాట దగ్గర ఆయనవి ఒక్కసారే మూసుకున్నాయి."