రాగి బిందె నీళ్ళు

మా తమ్ముడు కుళ్ళాయప్ప పెళ్ళాం పోయిననాడు ఏడవలేదు. పదోనాడూ ఏడవలేదు. ధర్మవరంలో మా నేత వీధి ఆడవాళ్ళు దాన్ని మూడేళ్ళపాటు చెప్పుకున్నారు. చెప్పుకోనీ, వాళ్ళ నోళ్ళకు మూతలు చేయించేవాళ్ళెవరు! నేను మాత్రం వాడి ముఖం చూసి ఊరుకున్నాను. పార్వతమ్మ ఊరుకోవడమంటే మాటలు కాదు, ఎవర్నడిగినా చెబుతారు.

అరవై ఒకటో సంవత్సరంలో నీలావతికి నొప్పులొచ్చాయి. మంత్రసాని తిమ్మక్క, "తొలికానుపు కదా, ఆలస్యమైతాది. ఇప్పుడు కదిలించొద్దు" అంది. వీడు వినలేదు. హిందూపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఉంది, నా పెళ్ళానికి మంచి వైద్యం చేయిస్తానని రైలెక్కించాడు. దారిలోనే రక్తం పోవడం మొదలైంది. పెనుకొండ స్టేషన్లో దించేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

"తిమ్మక్క మాట వినుంటే బతికేది. నేనే చంపినానక్కా" అన్నాడు ఒకే ఒక్కసారి. ఆ తర్వాత నీలావతి పేరెత్తలేదు.

అప్పటికే నా మొగుడు పోయి రెండేళ్ళు. తాడిమర్రిలో ఇంటికి తాళం వేసి వీడికి వండిపెట్టడానికి వచ్చాను. వాడు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు, పోగు నడిపే నాడె ముట్టేవాడు కాదు. పలకరిస్తే ఊఁ, ఆఁ. ఒకరోజు కావాలనే పప్పులో ఉప్పు వెయ్యలేదు. తిట్టనైనా తిడతాడేమోనని చూశాను. మారుమాట లేకుండా తినేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆరోజు నిజంగా భయపడ్డాను. మనిషి ఉన్నాడు, లోపల ఎవరూ లేరు.

అట్లా మూడేళ్ళు గడిచాక, రైల్వే క్వార్టర్స్‌లో ఉండే గార్డు చిన్నస్వామిగారికి గుంతకల్లుకు బదిలీ అయింది. మద్రాసాయన. ఒకప్పుడు మా దగ్గర చీర కొన్న పరిచయం. ఆయన ఇంట్లో ఇనుప చట్రానికి అద్దాలు బిగించిన చేపల తొట్టి ఉండేది. సామాన్లతో పాటు వేస్తే పగులుతుందని దాన్ని తెచ్చి మా మగ్గమున్న పడసాలలో దించాడు. అందులో వేలెడు నల్ల చేపలు ఎనిమిది, కాస్త నాచు. "వారానికోసారి సగం నీళ్ళే మార్చు. బావి నీళ్ళు ఒకరోజు నిలవపెట్టి పొయ్యి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

"నేసుకుని బతికేవాళ్ళకు ఇదేం విడ్డూరం! తినేదానికా, చూసేదానికా?" అన్నాను.

"చూసేదానికేలే అక్కా" అన్నాడు తమ్ముడు. మూడేళ్ళలో వాడి నోట వచ్చిన పెద్ద మాట అదే. నేను నోరు మూసుకున్నాను.

ఇక వాడికి అదే లోకం. చేపల మేతకు దోమపురుగులు పట్టడానికి ఇంటింటి జాలారిలో నిలిచిన స్నానం నీళ్ళల్లో చెంబు ముంచేవాడు. బుక్కపట్నం చెరువుకు పోయి, చేపలు పట్టేవాళ్ళనడిగి ఒక రొయ్యను కుండలో తెచ్చుకున్నాడు. జానెడు పొడవు, ముందు రెండు సన్నటి గోళ్ళ చేతులు. రాయి కింద దాక్కుని, మీసాలు మాత్రం బయటపెట్టేది. ఒక ఉదయం చూస్తే అది ఇసుక మీద తెల్లగా, కదలకుండా పడి ఉంది. వాడు నీళ్ళలో చెయ్యిపెట్టి తీశాడు. అరచేతిలో బరువే లేదు. ముఖం మాడిపోయింది. అంతలో రాయి వెనకనుంచి అసలు రొయ్య మెల్లగా బయటికొచ్చింది, మెత్తగా, కొత్తగా.

"అక్కా, ఓ అక్కా! ఇది చొక్కా ఇడిసేసి పోయినాదే!" అని అరిచి, నవ్వాడు.

నేను వంటింట్లోనుంచి పరుగెత్తుకొచ్చాను. రొయ్యను కాదు, వాణ్ణే చూశాను. దేవుడా, ఈ చేపలు చల్లగా ఉండనీ, వీడు మనిషవుతాడని మొక్కుకున్నాను.

అయ్యాడు కూడా. తొట్టికి ఎదురుగా కూర్చుని నేయడం మొదలుపెట్టాడు. ఒక గురువారం, "అక్కా, రేపు హిందూపురం పోయొస్తా. పట్టు కావాల" అన్నాడు. ఆ రైలే, ఆ దారే. మధ్యలో పెనుకొండ. నేనేమన్నా అంటే మానుకుంటాడేమోనని, "పోయిరా నాయనా" అని మాత్రం అన్నాను.

వాడు పోయాక నాకు కాలు నిలవలేదు. వచ్చేసరికి తొట్టి మెరిసిపోవాలనుకున్నాను. చేపల్నీ రొయ్యనూ బేసిన్లోకి తీసి, పాకుడు పట్టిన అద్దాలు రుద్ది, పాత నీళ్ళన్నీ పారబోశాను. మా అమ్మ ఇచ్చిన రాగి బిందెలు రెండున్నాయి. చింతపండుతో తళతళా తోమి ముందురోజే నీళ్ళు పట్టి పెట్టుకుంటాను. రాగి బిందెలో రాత్రంతా నిలిచిన నీళ్ళు తాగితే ఏ రోగమూ రాదని మా అవ్వ చెప్పేది. ఇంట్లో అంతకు మించిన నీళ్ళు లేవు. ఆ రెండు బిందెలూ పోశాను.

మధ్యాహ్నానికి రొయ్య వెల్లకిలా పడి కాళ్ళాడించింది. ఈసారి చొక్కా కాదు. ఆ తర్వాత చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. బావి నీళ్ళలోకి మార్చాను, ఏం లాభం? ఒకదాని వెనక ఒకటి పోయాయి. నాకు ఏడుపు కూడా రాలేదు.

సాయంత్రం రైలుకు వాడొచ్చాడు. చంకలో పట్టు మూట. గడపలోనే, "పెనుకొండలో దిగి కాఫీ తాగినానక్కా" అన్నాడు. అప్పుడు చూశాడు తొట్టిని.

"ఎండకురా... నీళ్ళు కాగిపోయినాయి" అన్నాను. నా జన్మలో అంత సిగ్గుమాలిన అబద్ధం ఆడలేదు.

ఊఁ అన్నాడు. అన్నిటినీ గుడ్డలో చుట్టి పెరట్లో పూడ్చిపెట్టాడు. మళ్ళీ మగ్గం గుంతలో కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. పట్టు మూట విప్పలేదు. తొమ్మిది రోజులు.

పదోరోజు గార్డుగారు ఏదో రైలుబండి మీద డ్యూటీకి వచ్చి, చేపల్ని చూసిపోదామని ఇంటికొచ్చాడు. ఖాళీ తొట్టి చూసి అన్నీ అడిగాడు. ఎప్పుడు పోయాయి, ముందు ఏది పోయింది, నీళ్ళు దేంతో పోశారు. ఆయన కన్ను వంటింటి గడప దగ్గర బిందెల మీద పడింది. "రాగిలో నిలవున్న నీళ్ళు కాదు కదా? మనకు మంచివేగానీ చేపలకు విషం. రొయ్యలు అసలు తట్టుకోలేవు" అన్నాడు. నేను నేల చూశాను. మా తమ్ముడు నన్ను చూశాడు.

ఆయన వెళ్ళాక వాడి ఎదురుగా కూలబడ్డాను. "ఎండ కాదురా. నేనే పోసినా, రాగి బిందెల నీళ్ళు. తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

వాడు తిట్టలేదు. "రాగి విషమని నీకు తెల్సా?" అన్నాడు.

"తెలిస్తే పోస్తానారా! నా చేతులు పడిపోను! ఇంట్లో ఉండే మంచి నీళ్ళని పోసినా."

"మంచికే పోసినావు."

"మంచికేరా."

వాడు పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

"నాకూ తెలీదక్కా" అన్నాడు. "నీలావతిని రైలెక్కించేటప్పుడు నాకూ తెలీదు."