నాలుక పెద్దమ్మ మెచ్చుకున్న కూర

ముప్పై ఏడు ఇళ్లు. ముందు సముద్రం, వెనక కాలువ, మధ్యలో పొలాలు. మనుషులకి మిగిలిందల్లా పొలాల పక్కన ఒక సన్నటి వీధి. ఎంత సన్నటిదంటే, ఒక ఇంట్లో తుమ్మితే ఎదురింట్లో దీపం ఆరుతుంది. గాలి ఎప్పుడూ సముద్రం మీద నుంచే వస్తుంది. సైకిలు కొని గోడకి ఆనిస్తే మొదటి ఏడాది తుప్పు సైకిల్ని తినేస్తుంది, రెండో ఏడాది గోడ మొదలుపెడుతుంది.

ఆ పల్లె బతుకంతా ఒక తూము మీద ఆధారపడి ఉంది. ఎగువ నుంచి కాలువలో మంచినీళ్లు వస్తాయి. పోటు వచ్చినప్పుడు సముద్రం అదే కాలువలోకి ఎదురెక్కుతుంది. కట్టకి ఉన్న తూము తలుపు మంచినీళ్లున్నప్పుడు ఎత్తితే పొలానికి ప్రాణం, ఉప్పునీళ్లున్నప్పుడు ఎత్తితే ఆ ఏడు కోతలకి కొడవళ్లు అక్కర్లేదు. ఏ నీళ్లు ఏవో చూడటానికి ఒకసారి ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి మీటరు ఇచ్చి వెళ్లాడు. అది మొదటి వారం ఉప్పు కొలిచింది, రెండో వారం దానికే ఉప్పు పట్టింది, మూడో వారం నుంచి బావికీ సముద్రానికీ ఒకటే అంకె చూపించింది. ఇప్పుడు దాన్ని తూము గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెడుతున్నారు. ఆ పని మాత్రం బాగా చేస్తోంది.

నీళ్లు చెప్పేది నాలుక పెద్దమ్మ.

ఆవిడ అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో. కళ్లకి గంతలు కట్టి మూడు బావుల నీళ్లిస్తే, ఏది ఎవరి బావిదో చెప్పడమే కాక, మూడో బావికి చేదతాడు మార్చారని కూడా చెప్పిందట. పసిపిల్లలు ఏడుస్తుంటే చెంప మీది కన్నీటిని వేలితో తీసి నాలుకకి రాసుకుని, "ఇది దొంగేడుపు, ఉప్పు చాల్లేదు" అని తేల్చేసేది. ఆ వీధిలో పెరిగిన పిల్లలు అబద్ధం ఏడవటం నేర్చుకోకుండానే పెద్దవాళ్లైపోయారు.

ఈ పని ఆవిడకి మామగారి నుంచి వచ్చింది. ఆయన పొగాకు నమిలీ నమిలీ నాలుకని చెప్పు అట్ట చేసుకుని, ఒక ఏడాది ఉప్పునీళ్లని మంచినీళ్లన్నాడు. నాలుగు రోజుల్లో పైరు ఎండుగడ్డి రంగుకి తిరిగింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ ఆయన మళ్లీ తూము వైపు నడవలేదు. బతికినన్నాళ్లూ సొంత పొలానికి చుట్టుదారిన వెళ్లాడు. అప్పటికి కొత్తకోడలైన పెద్దమ్మ ఆ చుట్టుదారిని మర్చిపోలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా, తూము ఎత్తే రోజు పొద్దున్నే ఏమీ తినదు, బావినీళ్లతో మూడుసార్లు పుక్కిలిస్తుంది, నీళ్లు చెప్పేదాకా ఎవరితోనూ మాట్లాడదు. మొదటి రెండూ తేలికే. మూడోదే ప్రాణసంకటం.

అలాంటి నాలుక ఈ ఏడు మూగబోయింది.

మామూలు జలుబే. ముక్కు పట్టింది, వదిలింది. వదిలేటప్పుడు రుచిని వెంటబెట్టుకుపోయింది. రేపో మాపో వస్తుందిలే అనుకుంది పెద్దమ్మ. పది రోజులైంది. నాట్లు వేసి ఇరవై రోజులు, వానలు మొహం చాటేశాయి, మళ్లలో నేల పెంకు లేస్తోంది. ఎగువ నుంచి కాలువకి నీళ్లు వదిలారనీ, మర్నాడు తెల్లవారేసరికి తూముకి చేరతాయనీ కబురొచ్చింది. వీధంతా పంట చేతికొచ్చినంత సంబరం. పెద్దమ్మకి మాత్రం కాళ్ల కింద కట్ట కరిగిపోతున్నట్టు ఉంది.

మధ్యాహ్నం ఎవరూ చూడకుండా వంటింట్లోంచి ఉప్పుడబ్బా కొంగు కింద పెట్టుకుని పశువుల పాక వెనక్కి వెళ్లింది. చిటికెడు వేసుకుంది. ఇసక. గుప్పెడు వేసుకుంది. గుప్పెడు ఇసక. పక్కనున్న గేదె మెడ చాచి డబ్బాని నాకి, ఆనందంగా చెవులు ఊపింది. "నీకు తెలుస్తోందా? అయితే రేపు నువ్వే రా తూము దగ్గరికి" అని విసుక్కుని లేచింది. డబ్బా అక్కడే మర్చిపోయింది.

రాత్రి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు: పెద్దమ్మ, కొడుకు, కోడలు. కోడలిది మెట్ట ఊరు, పెళ్లయ్యాకే సముద్రం చూసింది. ఆరేళ్లుగా ఆ పిల్ల వండిన ఏ కూరకీ పెద్దమ్మ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఒక రోజు "ఉప్పు వేశావా, పేరు చెప్పి ఊరుకున్నావా?" అనేది. ఇంకో రోజు "పోటు ఇవాళ మన వంటింట్లోకే వచ్చినట్టుందే" అనేది. అక్కడితో ఆగేదా, బావి దగ్గర పదిమందికీ చెప్పేది. "మా కోడలి చేతికీ ఉప్పుకీ పడదు. జాతకాలు కలవలేదు" అని.

ఈ పదిరోజులూ జలుబు వంకతో మజ్జిగన్నం తిని నెట్టుకొచ్చింది, రేపు తూము కాబట్టి ఇవాళ కూర నోట్లో పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. ఏమీ అనకపోతే అనుమానం వస్తుంది. ఏదో ఒకటి అనాలి.

"ఉప్పు ఇవాళ సరిగ్గా పడిందే అమ్మాయ్. ఇన్నాళ్లకి చెయ్యి తిరిగింది" అంది.

కొడుకు నములుతున్నవాడు ఆగిపోయాడు. తల్లి వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు, ఎందుకొచ్చిన గొడవ అనుకుని మళ్లీ నమిలాడు. కోడలు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. సాయంత్రం ఇల్లంతా గాలించినా ఉప్పుడబ్బా దొరక్క, అడిగితే తిడుతుందని, ఆ కూరలో ఆమె ఒక్క ఉప్పుగల్లు కూడా వెయ్యలేదు.

తెల్లవారింది. పొద్దు పొడిచేసరికి పల్లెకి పల్లె కట్ట మీద ఉంది. కాలువ నిండా ఎర్రమట్టి రంగు నీళ్లు. చక్రం దగ్గర పెద్దమ్మ మరిది సిద్ధంగా నించున్నాడు. తలుపు ఎత్తే చక్రం తిప్పేది ఆయనే. ఆ చక్రాన్ని తన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి కదల్చలేదని చెప్పుకుంటాడు. నిజానికి దానికి నూనె వెయ్యడు, అందుకే ఇంకొకరికి కదలదు.

"రంగు చూశావా వదినా, ఎగువ నీళ్లే! నువ్వు ఊ అను, నేను తిప్పేస్తా."

పెద్దమ్మ దోసిలితో తీసి నోట్లో పోసుకుంది. కళ్లు మూసుకుంది. ఏ రుచీ లేదు. మంచినీళ్లకీ అంతే కదా, ఏ రుచీ ఉండదు! అప్పుడు వేసింది ఆవిడకి అసలు భయం. ఇవాళ సముద్రాన్ని తెచ్చి నోట్లో పోసినా ఈ నాలుకకి మంచినీళ్లే. తనకీ తలుపుకి అడ్డం పెట్టిన ఆ మీటరుకీ తేడా లేదు.

"ఏంటి వదినా, నీళ్లు చూస్తున్నావా, సంబంధం చూస్తున్నావా? త్వరగా తేల్చు, మళ్లీ పోటు వచ్చేస్తుంది!"

అందరూ నవ్వారు. "మంచి" అనే మాట పెద్దమ్మ పెదాల దాకా వచ్చింది. ఇంతలో జనాన్ని తోసుకుంటూ కోడలు వచ్చి పక్కన నించుంది. కొంగు చాటున ఉప్పుడబ్బా. పొద్దున పాలు తియ్యడానికి వెళ్లినప్పుడు దొరికింది, లోపల ఉప్పు మీద అత్తగారి వేళ్ల గుర్తులతో సహా.

"అత్తయ్యా" అంది చెవిలో, "రాత్రి కూరలో ఉప్పు లేదు."

"తక్కువైందా?"

"లేదు. అసలు లేదు."

పెద్దమ్మ కోడలి మొహంలోకి చూసింది. అందులో ఎకసెక్కం వెతికింది. దొరకలేదు, ఆ పిల్ల కళ్లలో తన భయమే కనిపించింది. నోట్లో నీళ్లు ఉమ్మేసి, కట్ట మీద అందరికీ వినపడేలా గొంతెత్తింది.

"నా నాలుక పదిరోజులుగా పనిచెయ్యట్లేదు. నేను చెప్పలేను. నీళ్లు మా కోడలు చెబుతుంది."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఆ గోలలోంచి మరిది గొంతు పైకి లేచింది.

"ఎవరూ? ఈ అమ్మాయా? ఉప్పుకీ తనకీ జాతకాలు కలవలేదని నువ్వే కదా వదినా ఆరేళ్లుగా బావి దగ్గర చాటింపు వేశావు! తన మాట నమ్మి నేను చక్రం తిప్పాలా?"

నిజమే. ఆరేళ్లుగా తను విసిరినవన్నీ తిరిగొచ్చి తన నెత్తినే పడ్డాయి. పెద్దమ్మకి మామగారి చుట్టుదారి కళ్లముందు కనిపించింది.

"వేశాను. అన్నీ అబద్ధాలే. ఆరేళ్లలో ఆ పిల్ల కూరలో ఉప్పు ఒక్కరోజు కూడా తప్పలేదు. గల్లు ఎక్కువ లేదు, గల్లు తక్కువ లేదు. నా అంత నాలుక నా ఇంట్లోకే ఇంకోటి వచ్చిందని కడుపుమంట నాకు. చాలా? ఇంకా ఏమన్నా కావాలా?"

కొడుకు ఎక్కడో వెనక నుంచి, "అమ్మా, ఆ మాట ఇంకోసారి అను, నేను సరిగ్గా వినలేదు" అన్నాడు. గొడవ కాస్తా నవ్వైపోయింది.

కోడలు వంగి దోసిలితో నీళ్లు తీసుకుని తాగింది. "తియ్యగా ఉన్నాయి అత్తయ్యా!" అంది. మరిది చక్రం మీద చెయ్యి వేశాడు. చక్రం కీచుమంది.

"ఆగరా!" పెద్దమ్మ అరుపుకి కట్ట మీది కొంగలు లేచిపోయాయి. "పైనీళ్లు కాదే తల్లీ. తలుపు లేచేది కింద నుంచి. ముందు పొలంలోకి దూరేవి అడుగునీళ్లు. సీసా దించు."

సీసా అంటే, రాయి కట్టిన ఒక గాజు సీసా. దాని బిరడాకి వేరే దారం ఉంటుంది. సీసా అడుగుకి దిగాక దారం లాగితే బిరడా ఊడి అక్కడి నీళ్లు నిండుతాయి. ఇన్నాళ్లూ ఆ దారం పెద్దమ్మ చేతిలోంచి ఇంకొకరి చేతికి వెళ్లలేదు. ఇప్పుడు ఇచ్చింది. కోడలు దించింది, లాగింది, పైకి తీసింది, తాగింది. మొహం చేదుమందు తాగిన పిల్లలా అయిపోయింది.

"ఉప్పు! గొంతు కొట్టుకుపోయింది!"

మరిది చక్రం మీది చెయ్యి మెల్లగా తీసి, అక్కడ అసలు చెయ్యే పెట్టనట్టు తల గోక్కున్నాడు. పైన మంచినీళ్లు తేలుతున్నాయి, కింద సముద్రం ఇంకా పడుకునే ఉంది. తిప్పి ఉంటే ముప్పై ఏడు ఇళ్లకీ చుట్టుదారే.

రెండోసారి దించారు, ఉప్పు. మూడోసారి, కాస్త తగ్గింది. ఎండ నెత్తికెక్కుతోంది, ఇంకాసేపట్లో మళ్లీ పోటు. నాలుగోసారి కోడలు సీసా సగం తాగి, కళ్లు మూసుకుని, అచ్చం అత్తగారిలాగే పక్కకి ఉమ్మి, "మంచినీళ్లు" అంది.

"సగం తాగావు, ఉమ్మడం దేనికే?" అంది పెద్దమ్మ.

"మీరు ఉమ్ముతారుగా!"

మరిది చక్రం తిప్పాడు. నీళ్లు బుసకొడుతూ లోపలికి దూకాయి. మళ్లలో నేల ఆ నీళ్లని ఎంత ఆత్రంగా తాగిందంటే, ఆ గుటకల చప్పుడు సముద్రంలో పడవల వాళ్లకి కూడా వినిపించిందని మరిది ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. వారం తిరిగేసరికి పైరు నల్లబడింది. అంత ఆకుపచ్చ అన్నమాట.

కానీ పెద్దమ్మ నాలుక మాత్రం రాలేదు. అది ఏ రోజు వస్తుందో పట్టుకోవడానికి కోడలు ఒక ఉపాయం పన్నింది. కూరలో రోజూ కాస్త కాస్త ఉప్పు పెంచుతూ పోయింది. పెద్దమ్మ పాపం, కట్ట మీద అందరి ముందూ అన్న మాట ఉంది కాబట్టి, రోజూ "బ్రహ్మాండం" అంటూ తింది. నలిగిపోయింది మధ్యలో కొడుకు. ముద్దకో చెంబు నీళ్లు తాగుతూ, "ఇంకో వారం ఇలాగే వండితే నన్ను కూడా సీసాతో చూసుకోవాలి మీరు" అని మొత్తుకున్నాడు.

పదకొండో రోజు పెద్దమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. కళ్లు పెద్దవయ్యాయి. కంచం అవతలికి తోసింది.

"ఏమే, ఇది కూరా, కాలువ అడుగునీళ్లా? బుద్ధున్నవాళ్లెవరైనా ఇంత ఉప్పు..."

మాట పూర్తి కాలేదు. కోడలు గరిటె పడేసి, ఒక్క ఉదుటున గుమ్మం దాటి వీధిలో పడింది.

"మా అత్తయ్య నన్ను తిట్టింది! ఉప్పు ఎక్కువైందని తిట్టింది!"

ముప్పై ఏడు ఇళ్ల తలుపులూ తెరుచుకున్నాయి. కోడల్ని తిట్టినందుకు అంత మంది వచ్చి అత్తగారిని అభినందించిన ఇల్లు ఆ తీరంలో అదొక్కటే. పెద్దమ్మ గుమ్మంలో నించుని అందరికీ చెప్పింది.

"నాలుక వచ్చింది, సరే. కానీ సీసా ఇక మా కోడలి దగ్గరే ఉంటుంది. నేను పక్కన నించుంటాను. కూర సంగతి మాత్రం నేను చూసుకుంటాను, ఆరేళ్ల బాకీ ఉంది."

లోపల కొడుకు ఆ మాటలేవీ వినలేదు. నాలుగో చెంబు తాగుతున్నాడు.