జీవితాంతం వదిలేసిన దీపపాయన

దండెం మీద ఆరిన బట్టలు చూసి ఏ ఇంటి మనిషి ఏ షిఫ్టులో ఉన్నాడో చెప్పగలిగిన రోజులవి. మా బొగ్గుగని కాలనీలో ఇంటర్ చదువుతున్న నాకు అప్పట్లో రెండు గర్వాలుండేవి. నస్పూర్ మొత్తంలో జపాను బొమ్మల కథలు చదివే పిల్లను నేనొక్కదాన్నే అనేది ఒకటి. వాటిని కుడి నుంచి ఎడమకు తిప్పాలని తెలిసిందీ నాకొక్కదానికే అనేది రెండోది. హైదరాబాదులో చదువుకునే మా మేనబావ వచ్చినప్పుడల్లా ఇంగ్లీషులోకి మార్చిన పుస్తకం ఒకటి తెచ్చేవాడు, అన్నీ ఒకే కథలో భాగాలు. కథ భయంకరమైనది. భూమి కింద రాక్షసుల పట్నం ఉంటుంది. వాళ్లు ఎత్తుకుపోయిన జనాన్ని వెనక్కి తేవడానికి ఒక చేత కత్తి, ఒక చేత దీపం పట్టుకుని ఒకాయన మెట్లు దిగుతుంటాడు, పుస్తకానికో అంతస్తు చొప్పున. అసలు పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగక అది ‘దీపపాయన కథ’ అయింది.

అమ్మను మేం అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. అవ్వకు ఆ పుస్తకాలంటే గిట్టేది కాదు. "ప్రార్థన చేసుకునే ఇల్లాయె. గా కొమ్ములేందే, గా కోరలేందే" అంటూ దుప్పట్ల కింద తోసేది. బాపు డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, ఆ దుప్పట్ల కింది నుంచే తీసేవాడు. ఆయనది బాయిలో (గనిని మేం బాయి అంటాం) పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టే పని. ఇంగ్లీషు రాదు కాబట్టి బొమ్మలే చూసేవాడు, అదీ తెలుగు పుస్తకంలాగా ఎడమ నుంచి. ఆయన కథలో రాక్షసుడు నోరు తెరిచి మనుషులను బయటికి ఉమ్మేవాడు, వాళ్లు తెగిన చేతులు అతికించుకుని నిమ్మళంగా ఇంటికి పోయేవాళ్లు. "మంచి కథనే బిడ్డా, అందరు బాగైతున్నరు" అనేవాడు. నేను నెత్తి కొట్టుకుని "బాపూ, ఉల్టా సూస్తున్నవ్. కుడి దిక్కు నుంచి తిప్పాలె" అని ప్రతిసారీ పాఠం మొదలుపెట్టేదాన్ని. సరిగ్గా తిప్పితే ఇంకో తంటా. "గంత పెద్ద కప్పుకు ఒక్క కట్టె లేదు. నెత్తికి టోపీ లేదు. గీన్ని కిందికి దింపినోడెవడు?" అని అడిగేవాడు, రాక్షసులను అసలు లెక్కచేయకుండా. ప్రతి పుస్తకం చివర ఆయన ప్రశ్న ఒకటే. "పైకచ్చిండా?" మరి బాయి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్లను బోర్డుకు తగిలించి దిగుతాడు, పైకొచ్చాక తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలినా తోటివాళ్లెవరూ ఇళ్లకు పోరు. బావ తెచ్చిన నాలుగు పుస్తకాలు అయిపోయినా దీపపాయన పైకి రాలేదు.

అంతలో శ్రమకాలం వచ్చింది. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులు ఎవరు ఏం వదులుకుంటున్నారో మైకులో చెప్పడం మా చర్చిలో ఆనవాయితీ. పెద్దమ్మ చాయ్ వదిలింది. ఒక మామ తంబాకు వదిలాడు. నా ముందున్న పిల్ల మాంసం వదిలి అందరి చేతా గట్టిగా ‘స్తోత్రం’ అనిపించుకుంది. నేను ఆ పుస్తకాలను నలభై రోజులు ముట్టనని చెప్పాలని ఇంట్లో అనుకున్న మాట. తీరా మైకు చేతికొచ్చేసరికి, ఆ పిల్లకంటే నా స్తోత్రం చిన్నదైతే పరువేం కావాలనిపించింది. "దయ్యాల కథలు జీవితాంతం ముట్టను" అనేశాను. చర్చి దద్దరిల్లింది. అవ్వ కళ్లు తుడుచుకుంది. అయ్యగారు (మా పాస్టరు) నా తల మీద చెయ్యి పెట్టారు. మగవాళ్ల వరుసలోంచి బాపు తల తిప్పి నన్నే చూశాడు.

ఇంటికి నడిచేటప్పుడు మెల్లగా అడిగాడు.

"జీవితాంతం అంటివేందే?"

"నోట్లకెళ్లి అచ్చింది బాపూ."

ఇంకొంత దూరం నడిచాక "మరి గాయన కిందనే ఉండె గదా" అన్నాడు. పుస్తకాలు బావకు తిరిగిపోయాయి. బాపు చర్చిలో సంఘపెద్ద కాబట్టి మళ్లీ తెమ్మని అనలేకపోయాడు.

తరువాత నేను చెన్నూరులో ఇంగ్లీషు టీచరునయ్యాను, బాపు రిటైరై నస్పూర్‌లోనే ఉండిపోయాడు. నిరుడు ఆయన కళ్లకు శుక్లాలు తీశారు. రెండో కంటి కట్టు విప్పిన రోజు నా పిల్లలిద్దరినీ ఎదురుగా నిలబెట్టాను. చూశాడు, మురిశాడు, ఆ తరువాత నావైపు తిరిగి "గా దీపపాయన పైకచ్చిండో లేదో ఎరుకైందా?" అన్నాడు.

నేను ఆ సాయంత్రమే పుస్తకాలన్నీ తెప్పించే పనిలో పడ్డాను. అవ్వ అడ్డుపడింది. "మైకుల ఇచ్చిన మాట మైకులనే ఇడిపించుకోవాలె" అంది. ముప్పై దాటిన టీచరమ్మను, ఆదివారం చర్చిలో పిల్లల ముందు మళ్లీ లేచి నిలబడ్డాను. కొత్త అయ్యగారు నవ్వు ఆపుకుంటూ మైకిచ్చారు. "మా బాపు కోసం నా జీవితాంతాన్ని ఇక్కడితో ఆపుకుంటున్నా" అన్నాను. జనం అలవాటు కొద్దీ ‘స్తోత్రం’ అన్నారు. (అప్పుడు మాంసం వదిలిన పిల్లకు ఇప్పుడు కోళ్ల దుకాణం ఉంది. అందరికంటే గట్టిగా అన్నది ఆమే.)

మొత్తం పదకొండు పుస్తకాలు. ఎండాకాలం సెలవుల్లో బాపు పక్కన కూర్చుని పేజీ పేజీకీ తెలుగులో చెప్పాను. పది పుస్తకాలు నేనే తిప్పాను, కుడి నుంచి, నా పాత గర్వమంతా తోడు తెచ్చుకుని. పదకొండోది మాత్రం ముందుగా వంటింట్లో కూర్చుని ఒక్కదాన్నే చదివాను. చదివి ఏడ్చాను. ఆఖరి మనిషి దాకా అందరినీ పైకి పంపేసరికి మెట్లు కూలిపోతాయి, ఆయన కిందనే ఉండిపోతాడు. చివరి ఎనిమిది పేజీల్లో మాటల్లేవు. మొదట దీపం పట్టుకుని నిండుగా నిలబడ్డ మనిషి, తరువాత దూరంగా మనిషి, తరువాత ఒట్టి దీపం, ఆఖరున నల్లటి పేజీలో తెల్లటి చుక్క. ఉద్యోగమంతా బోర్డు మీద బిళ్లలు మిగల్లేదని చూసుకున్నాకే ఇంటికొచ్చిన మనిషికి ఇదెట్లా చెప్పాలో తెలియలేదు. పుస్తకం పట్టుకుని వరండాలోకి వచ్చాను.

"అయిపోయిందా?"

"అయిపోయింది బాపూ."

"జర ఇటియ్యి."

తీసుకుని ఎడమ నుంచి తెరిచాడు. చుక్క కనిపించింది. పేజీ తిప్పాడు. చుక్క దీపమైంది. దీపం వెనక చెయ్యి, చెయ్యి వెనక మనిషి. ఎనిమిదో పేజీలో దీపపాయన నిండుగా మా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ‘కుడి దిక్కు నుంచి’ అనే మాట అలవాటుగా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"అచ్చిండు" అన్నాడు బాపు.

"అచ్చిండు బాపూ" అన్నాను.

పుస్తకం మూసి, అట్ట మీద చెయ్యి పెట్టాడు. "పది పుస్తకాలు కుడి దిక్కు నుంచి తిప్పితివి. గిది ఉల్టా తిప్పుతుంటె ఎందుకు చెప్పలే?" అని అడిగాడు. నన్ను చెప్పనివ్వకుండా తనే అందుకున్నాడు. "గాయన కిందనే ఉండిపోయిండని నీ మొఖం సూడంగనే ఎరుకైంది తియ్. గంతమందిని పైకి పంపినోని బిళ్ల బోర్డు మీద ఉంచుతమా బిడ్డా" అన్నాడు.

ఏ వైపు నుంచి తిప్పాలో తనకొక్కదానికే తెలుసని మిడిసిపడ్డ ఆ ఇంటర్ పిల్ల గుర్తొచ్చి, తడి కళ్లతోనే నవ్వుకున్నాను. ఇప్పుడు నా పిల్లలకు ఆ కథ బాపే చెబుతున్నాడు. పదకొండో పుస్తకం దగ్గరికి రాగానే ఎడమ నుంచి తెరుస్తాడు. అట్లా చదవడం తెలిసినవాడు నస్పూర్ మొత్తంలో మా బాపు ఒక్కడే అని ఇప్పుడు నా గర్వం.