గీత పైకెక్కిన 'ర'

కొల్హాపూర్ లక్ష్మీపురి సందులో శ్రీపతి హుపరీకర్ ఇంటికి ఎవరు వెళ్లినా కూర్చోవడానికి చోటు వెతుక్కోవలసిందే. ముందుగది నిండా టైపు మిషన్లు. గోడలకు చెక్కలు కొట్టించి మూడు వరసల్లో పేర్చాడు. మొత్తం నలభై మూడు. మరాఠీవి ముప్ఫై, ఇంగ్లీషువి పన్నెండు, కన్నడందొకటి. ఆ కన్నడం మిషను మీద ఒక్క ముక్క కొట్టడం కూడా ఆయనకు రాదు. అయినా బెళగావి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చాడు. డెబ్బై రెండేళ్ల మనిషికి ఇదేం పిచ్చి అని మీరనుకుంటే, సందులోవాళ్లు ఆ మాట ఎప్పుడో అనేశారు.

ఆదివారం పొద్దున స్నానం చేసి, టీ తాగి, ఒక్కో మిషనులో కాగితం ఎక్కించి ఒక్కో వాక్యం కొట్టేవాడు. వాడకపోతే బిగుసుకుపోతాయని పైకి చెప్పేవాడు గాని అసలు సంగతి అది కాదు. ఆయనకు ఆ చప్పుడు కావాలి. హాల్డా కంపెనీ మిషను మెత్తగా మాట్లాడుతుంది. పాత రెమింగ్టన్ పెళ్లివారింట్లో పెద్దమామలా అరుస్తుంది. వరస చివర మోగే గంట కూడా ఏ మిషనుది ఆ మిషనుదే. కళ్లకు గంతలు కట్టినా ఏ గంట దేనిదో చెప్పగలడు. మూడు గంటలసేపు ఆ గదిలో ఆయన ముఖం చూస్తే, లోకంలో ఇంకేమీ అక్కర్లేని మనిషనిపించేది.

పక్క కొట్టు దస్తగీర్ ముల్లాణీది. కోర్టు రిజిస్టర్లకు అట్టలు కడతాడు, కాగితాలూ రిబ్బన్లూ అమ్ముతాడు. యాభై ఏళ్ల స్నేహం కాబట్టి నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

"ఇంకా ఎన్ని తెస్తావురా శ్రీపతీ? రేపు నువ్వు పోతే నిన్ను మొయ్యడానికి నలుగురు చాలు. వీటిని మొయ్యడానికి ఊరంతా కావాలి."

"నాకు కావలసింది ఒకటేరా దస్తగీర్. అది దొరికితే ఇంకోటి తెస్తే ఒట్టు."

ఆ ఒకటీ మందాకినిది.

మందాకిని ఆయన భార్య. పోయి తొమ్మిదేళ్లయింది. పెళ్లయిన కొత్తలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేస్తుంటే శ్రీపతి అక్కడి మరాఠీ మిషనొకటి ఆమె కోసం కొని, సైకిలు వెనక కట్టుకుని బయలుదేరాడు. రంకాళా చెరువు మలుపులో వాన, బురద. సైకిలు జారింది, మిషను దబ్బున పడింది. ఇంటికొచ్చి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి గాని 'ర' అక్షరం ఒక్కటి మిగిలినవాటి కంటే వెంట్రుకవాసి పైకి పడుతోంది.

"రేపు సరిచేస్తాలే" అన్నాడు శ్రీపతి.

ఆ రేపు ఇరవై రెండేళ్లకు కూడా రాలేదు. ఊళ్లో మిషన్లన్నిటికీ వైద్యుడు ఆయనే. కోర్టు, బ్యాంకు, చక్కెర ఫ్యాక్టరీ, ఎక్కడ ఏ అక్షరం మొరాయించినా హుపరీకర్ మిస్త్రీకి కబురు వెళ్లేది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? మందాకిని ఆ మిషను మీదే ఇంట్లో కూర్చుని దావాలూ, దరఖాస్తులూ, కాలేజీ వాళ్ల పరిశోధన వ్యాసాలూ కొట్టేది. ఆయన చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి అనేది.

"ఏమండీ మిస్త్రీగారూ, ఊరందరి అక్షరాలూ బుద్ధిగా కూర్చున్నాయా? మన 'ర' ఇంకా గోడ దూకుతూనే ఉంది."

"వచ్చాక చూస్తానే."

"రండి, రండి. అది మాత్రం ఎక్కడికి పోతుంది!"

ఆమె చేతిరాత ఆమెకే అర్థమయ్యేది కాదు. అందుకని సరుకుల చీటీ కూడా టైపు కొట్టే ఇచ్చేది. కోర్టు పచ్చకాగితాలు కత్తిరించగా మిగిలిన ముక్కల మీద సాఖర్, మోహరీ, ఖోబరే, తూర్ డాళ్. మరాఠీలో ఇంటికి కావలసిన సరుకుల్లో సగానికి 'ర' ఉంటుంది. చక్కెర, ఆవాలు, కొబ్బరి, కందిపప్పు, అన్నిట్లోనూ ఆ అక్షరం ఒక మెట్టు పైన నిలబడి ఉండేది. కిరాణా కొట్టు షేట్ కూడా చీటీ చూసి "వదినగారి 'ర' వచ్చింది" అని నవ్వేవాడు.

కంప్యూటర్లు వచ్చాయి. తొంభై ఏడులో మిరజ్ నుంచి మగ్దుమ్ అనే వ్యాపారి టెంపో వేసుకొచ్చి శ్రీపతి దగ్గరున్న పదకొండు పాత మిషన్లు ఎక్కించుకున్నాడు. "ఇంకోటి ఇస్తే డజనవుతుంది కదా మిస్త్రీ" అన్నాడు. మందాకిని గడహింగ్లజ్‌లో తమ్ముడి కూతురి బారసాలకు వెళ్లి ఉంది. ఆమెకు అప్పటికే కళ్లు లాగుతున్నాయి, ఇక కొట్టదులే, విశ్రాంతిగా ఉంటుంది అనుకున్నాడు శ్రీపతి. అనుకున్నాడు గాని అడగలేదు. ఆమె మిషను కూడా కలిపి డజను చేసి పంపేశాడు.

ఆమె వచ్చి ఖాళీ బల్ల చూసింది. కొంగుతో దాని మీద దుమ్ము తుడిచింది. "ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది" అంది. అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు. అరిచినా బాగుండేదని శ్రీపతికి తర్వాత చాలాసార్లు అనిపించింది.

ఆమె పోయిన ఏడాదికి వంటింట్లో మసాలా డబ్బాల వెనక పాత చీటీల కట్ట కనబడింది. రబ్బరుబ్యాండు వేసి దాచుకుంది. వాటినెందుకు దాచిందో ఆయనకు తెలియదు. ఆ రాత్రి అన్నం సహించలేదు. తెల్లారి మొదటి బస్సుకే మిరజ్ వెళ్లాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే మరి. మగ్దుమ్ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఎప్పటి ఇనుమో ఎవరి కొంపకు చేరిందో నన్నడిగితే ఎలా మిస్త్రీ?" అన్నాడు.

అప్పటి నుంచి వేట. ఎక్కడ మరాఠీ మిషనుందని తెలిసినా వెళ్లడమో తెప్పించడమో చేసేవాడు. దానికొక నియమం పెట్టుకున్నాడు: ముందు అచ్చు, తర్వాత చెయ్యి. కొత్తగా వచ్చిన మిషనును తుడవకూడదు, నూనె పెట్టకూడదు, పట్టకారు తాకించకూడదు. ముందు కాగితం ఎక్కించి సాఖర్, మోహరీ, ఖోబరే అని కొట్టి, చీటీ పక్కన పెట్టి భూతద్దంలో చూడాలి. ముప్ఫైసార్లు చూశాడు. ముప్ఫైసార్లూ కాదు. కాదన్నదాన్ని వెనక్కి పంపడానికి మనసొప్పేది కాదు. అలా నిండింది ఆ గది. ఇంగ్లీషువీ, కన్నడందీ వాటి వెంట వచ్చిన చుట్టాలు.

శ్రావణంలో ఒక పొద్దున, సన్నగా తుంపర పడుతుండగా గుమ్మం ముందు ఆటో ఆగింది. అరవై దాటిన ఒకావిడ దుప్పటిలో చుట్టిన మిషనును పొట్టకు ఆనించుకుని దిగింది.

"హుపరీకర్ దాదా ఇల్లు ఇదేనా? నా పేరు వత్సలా చౌగులే. సాంగ్లీ కోర్టు బయట ఇరవై ఏళ్లు టైపు కొట్టాను. వేళ్లు వాచిపోతున్నాయి, మానేశాను. పాతసామాను వాడు అడిగాడు గాని ఇవ్వబుద్ధి కాలేదు. మీరైతే పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటారట కదా?"

"చూసుకుంటాను తాయీ. లోపలికి రండి, తడుస్తున్నారు."

దుప్పటి విప్పితే చిలకపచ్చ రంగు. తలుపులకు వేసే రంగు దట్టంగా పూసి ఉంది. మందాకినిది నల్లది. అయినా నియమం నియమమే కాబట్టి కాగితం ఎక్కించి కొట్టాడు. ఏమీ పడలేదు. రిబ్బను ఎండి కరివేపాకులా అయిపోయింది.

"దస్తగీర్, ఒక రిబ్బను తేరా" అని కేకేశాడు.

"రిబ్బను కొనేవాడు నువ్వొక్కడివే మిగిలావు. ఏ డబ్బా కింద ఉందో వెతకాలి, ఆగు" అని గోడవతల నుంచి జవాబు.

ఈలోగా వత్సల కబుర్లలో పడింది. అబ్బో, ఆవిడ నోరు తెరిస్తే కోర్టు కోర్టంతా గదిలోకి వచ్చేసింది.

"ఒకసారి విడాకుల కాగితం కొట్టించుకోవడానికి మొగుడూ పెళ్లామూ కలిసే వచ్చారు దాదా. ఆయన చెబుతుంటే ఆవిడ సరిదిద్దుతోంది. 'నేను పుట్టింటికి పోయింది శ్రావణంలో కాదు, భాద్రపదంలో. నీకు ఎప్పుడూ ఏదీ గుర్తుండదు' అని. 'చూశారా, అందుకే విడాకులు' అని ఆయన. సాయంత్రానికి కాగితం నా బల్ల మీదే వదిలేసి ఇద్దరూ మిసళ్ తినడానికి పోయారు."

శ్రీపతి పడీపడీ నవ్వాడు. ఆ గదిలో ఆడమనిషి గొంతూ, టైపు పని ముచ్చట్లూ విని ఎన్నాళ్లయిందో. ఆయన నవ్వుతూనే ఉన్నాడు, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. బ్రష్షు తీశాయి. స్పిరిటు అద్దాయి. ఒక్కో అక్షరపు కడ్డీనీ పైకి లేపి, వేలితో తడిమి, వదిలేస్తున్నాయి. మధ్యలో ఒక కడ్డీ దగ్గర ఆగాయి. పట్టకారు అందుకుని, చిన్నగా ఒక్క నొక్కు నొక్కి, తర్వాతి కడ్డీకి వెళ్లిపోయాయి. యాభై ఏళ్ల చేతులు. యజమానిని అడిగి చెయ్యడం ఎప్పుడో మానేశాయి.

దస్తగీర్ రిబ్బను తెచ్చాడు. శ్రీపతి ఎక్కించి, సాఖర్, మోహరీ, ఖోబరే కొట్టాడు. చీటీ పక్కన పెట్టి భూతద్దం పట్టాడు. అక్షరాలన్నీ తీగ కట్టినట్టు ఒకే వరసలో ఉన్నాయి.

"ఇది కాదు" అన్నాడు, అలవాటుగా.

"ఏది కాదు?" అంది వత్సల.

మందాకిని సంగతీ, సైకిలు సంగతీ, మిరజ్ టెంపో సంగతీ రెండు ముక్కల్లో చెప్పాడు. గోడ దూకే 'ర' గురించి చెబుతుండగానే వత్సల కళ్లజోడు పెట్టుకుని మిషనులోని కాగితం మీదికి వంగింది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"ఇదేంటి దాదా? నా 'ర' ఏమైంది?"

శ్రీపతికి మొదట అర్థం కాలేదు.

"నా 'ర' పైకి పడుతుంది కదా. తొంభై ఏడులో మిరజ్‌లో మగ్దుమ్ దగ్గర తీసుకున్నప్పటి నుంచీ అంతే. ఎందరు మిస్త్రీలు వచ్చినా దాన్ని ముట్టుకోనివ్వలేదు. గుమాస్తాలు దాన్ని చూసే ఇది చౌగులే బాయి కాగితమని గుర్తుపట్టేవాళ్లు." ఆవిడ సంచిలోంచి పాత దరఖాస్తు నకలు ఒకటి తీసి బల్ల మీద పరిచింది. "చూడండి, మీరే చూడండి."

శ్రీపతి చీటీని దాని పక్కన పెట్టాడు. భూతద్దం అక్కర్లేకపోయింది. రెండిట్లోనూ 'ర' అదే ఎత్తున, అదే వాలున నిలబడి ఉంది. ఆయన మిషనులోకి చెయ్యి పెట్టి 'ర' కడ్డీని లేపి వేలితో తడిమాడు. ఇందాక నొక్కింది దాన్నే. పట్టకారు పళ్ల గుర్తు ఇంకా మెరుస్తోంది.

దస్తగీర్ వంగి ఆ గుర్తు చూసి అన్నాడు.

"మళ్లీ వంచెయ్యరా. నీకదెంత పని?"

శ్రీపతి పట్టకారు తీసి కడ్డీకి ఆనించాడు. నొక్కకుండానే తీసేశాడు.

"వంచగలనురా. ఆ చీటీలో ఉన్నంత ఎత్తుకే వంచగలను. కాని అది నేను ఇవాళ చేసిన వంకర అవుతుంది. వానలో సైకిలు మీంచి పడ్డది కాదు. దానితో ఆమె ఇరవై రెండేళ్లు వేగింది. అది పోయింది."

"ఆవిడ సరిచెయ్యమనే కదా అడిగింది?" అంది వత్సల మెల్లగా, ఓదార్పుకని.

"రోజూ అడిగింది తాయీ. నవ్వుతూ అడిగింది. అప్పుడు ఈ చేతులకు తీరిక లేదు." ఆయన పట్టకారు బల్ల మీద పెట్టేశాడు. "నేను ఎనిమిదేళ్లుగా వెతుకుతున్నది మిషను కోసం అనుకున్నాను. మిషను దొరికింది, చూశారుగా. నాకు మనిషి కావాలి."

దస్తగీర్ లేచి టీకొట్టుకు పోయి మూడు టీలు చెప్పాడు. టీ తాగాక వత్సల మిషను మీద ఒకసారి చెయ్యి ఆనించి, సాంగ్లీ బస్సుకు టైమైందని లేచింది. శ్రీపతి ఆటోదాకా వెళ్లి గొడుగు పట్టాడు.

లోపలికొచ్చి ఆ పచ్చ మిషను ముందు కూర్చున్నాడు. కొత్త కాగితం ఎక్కించాడు. కట్టలో అన్నిటికంటే పైనున్న చీటీ తీసి పక్కన పెట్టుకుని, మందాకిని కొట్టిన వరసలోనే కొట్టాడు: చక్కెర రెండు కిలోలు, ఆవాలు, ఎండు కొబ్బరి, కందిపప్పు, మిస్త్రీగారికి బీడీలు వద్దు. గంట మోగినప్పుడల్లా ఆగి, వరస మార్చి, చివరిదాకా కొట్టాడు. కాగితం తీసి కిటికీ వెలుతురులో పట్టి, ఊళ్లోకెల్లా పేరున్న మిస్త్రీ కాబట్టి, అక్షరం అక్షరం పరీక్షగా చూశాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.