దెబ్బ ఆయనది కాదు

కట్ల మాస్టారి చేతులకు ఏ జబ్బూ లేదు. వేళ్లు పదీ పదిలంగా ఉన్నాయి, మణికట్లు రెండూ రాటల్లా ఉన్నాయి. అయినా గత ఇరవై రెండేళ్లలో ఆయన రెండు చేతులూ ఒకేసారి ఖాళీగా ఉండగా చూసినవాళ్లు ఊళ్లో లేరు. ఒక నెల బొటనవేలికి తెల్లటి ప్లాస్టిక్ డిప్ప ఉంటుంది. ఇంకో నెల మణికట్టుకి ఉంటుంది. ఒక్కోసారి మోచేతి దాకా పట్టీలు బిగించుకుని యుద్ధానికి వెళ్లేవాడిలా బయల్దేరతాడు. దెబ్బ మాత్రం ఎన్నడూ తగల్లేదు.

ఆయన పెద్దాసుపత్రిలో చేతుల విభాగంలో స్ప్లింట్లు, అంటే దెబ్బ తగిలిన చోటు కదలకుండా పట్టి ఉంచే ఆ డిప్పలు, చేస్తాడు. విరిగిన వేలు, తెగి కుట్టిన నరం, కాలిన అరచెయ్యి, ఏదైనా చివరికి ఆయన బల్ల ముందుకు రావలసిందే. ప్లాస్టిక్ రేకును వేడినీళ్ల తొట్టిలో వేస్తాడు. అది తడిగుడ్డలా మెత్తబడగానే తీసి తుడిచి, తన చెంపకు ఆనించి వేడి చూసుకుని, రోగి చేతిమీద పరిచి, గట్టిపడేదాకా పట్టుకుంటాడు. అంచులు కత్తిరించి, నున్నగా చేసి, పట్టీలు అంటిస్తాడు. అంతవరకూ ఆ విద్య నేర్చినవాళ్లెవరైనా చేసేదే. మాస్టారు అక్కడితో ఆగడు. మిగిలిన ముక్కతో అచ్చం అలాంటిదే మరొకటి చేసి తన చేతికి తగిలించుకుంటాడు. ఆ రోగికి ఎన్ని వారాలో ఆయనకూ అన్ని వారాలే.

అందరి కోసం కాదు. రోజుకు ఎనిమిది మంది వస్తారు, ఎనిమిది డిప్పలు ఏ మనిషికీ పట్టవు. ఒక్కరిని ఎంచుకుంటాడు. ఎవరిని, ఎందుకు అన్నది ఆయనకే తెలియాలి.

"పరీక్షోయ్. నాకు గుచ్చుకుంటే వాళ్లకూ గుచ్చుకుంటుంది కదా," అనేవాడు ఇంట్లో.

ఆయన భార్య బళ్లో లెక్కల టీచరు. ఆవిడకు పరీక్షల సంగతి బాగా తెలుసు. "ఇరవై రెండేళ్లయినా పాసవ్వని పరీక్ష ఏమిటండీ అది?" అని అడిగేది.

ఆవిడ అనుమానం వేరు. ఇదంతా ఇంటిపని తప్పించుకునే ఎత్తు అని ఆవిడ గట్టి నమ్మకం. కాఫీపొడి సీసా మూత రాదు. "ఏమండీ, ఒకసారి ఇది తియ్యండి," అంటే మాస్టారు డిప్ప ఉన్న చెయ్యి పైకెత్తి, ఎంతో విచారంగా, "నాకు ఇది ఉందిగా," అంటాడు. బిందె ఎత్తాలన్నా అంతే, దుప్పటి పిండాలన్నా అంతే. అలా మూతలన్నీ తనే తీసి తీసి టీచరు గారి పట్టు ఎంత గట్టిపడిందంటే, చుట్టుపక్కల ఇళ్లలో ఎవరికి మూత రాకపోయినా సీసా పట్టుకుని ఆవిడ దగ్గరకే వచ్చేవాళ్లు. ఆవిడ పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూనే ఒక్క మెలికతో తీసిచ్చేది.

టీచరు గారి తమ్ముడు ఇల్లు మారినప్పుడు బీరువా ఎత్తడానికి బావగారిని పిలిచాడు. ఆ వేళ మాస్టారు రెండు మణికట్లకూ రెండు డిప్పలతో దిగాడు.

"అక్కా, బావగారు అసాధ్యుడే. నా బీరువా బరువు చూసి మరీ తగిలించుకున్నాడు," అన్నాడు తమ్ముడు చెమటలు తుడుచుకుంటూ.

"నాకు కొత్తేమీ కాదురా," అంది ఆవిడ.

బస్సులో ఇంకో బాధ. ఆయన్ని చూడగానే ఎవరో ఒకరు లేచి సీటిస్తారు. ఒకసారి కర్ర పట్టుకున్న ముసలాయనే లేచి నిలబడ్డాడు.

"కూర్చో బాబూ. చెయ్యి ఎలా విరిగింది?"

"విరగలేదండీ."

"మరి ఈ కట్టేమిటి? చెయ్యి నీది కాదా?"

"చెయ్యి నాదేనండీ. దెబ్బే నాది కాదు."

"మరెవరిది?"

"అది చెప్పకూడదండీ," అన్నాడు మాస్టారు ఎంతో మర్యాదగా. పక్కనున్న టీచరు గారు ఈ మనిషెవరో తనకు తెలియదన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ బస్సు కండక్టరుకి మాత్రం మాస్టారంటే మహా జాలి. ఏడాది పొడవునా ఏదో ఒక వేలికి దెబ్బతో ఎక్కే మనిషిని అతను ఇంకెక్కడా చూడలేదు. "సార్, ఏమీ అనుకోకండి. మీ జాతకం బాగాలేదు. కొన్నాళ్లు ఇంట్లోంచి బయటికి రాకండి," అని టిక్కెట్టుతో పాటు సలహా కూడా చింపి చేతిలో పెట్టేవాడు.

ఇలా నవ్వుతూ గడిచిపోయేదే. కానీ ఒక ఆదివారం టీచరు గారు పాత ఫొటోలు ముందేసుకుని కూర్చుంది. కూతురి పుట్టినరోజు ఫొటోలో డిప్ప. తమ్ముడి పెళ్లి ఫొటోలో డిప్ప. కొత్తింటి తాళాలు తీసుకుంటున్న ఫొటోలో, ఆ తాళాలు పట్టుకున్న చేతికే డిప్ప. ముప్పై ఏళ్ల కాపురంలో చివరి ఇరవై రెండేళ్లకూ రెండు వట్టి చేతులతో ఉన్న మొగుడి ఫొటో ఒక్కటీ లేదు. ఆవిడకు నిజంగానే బాధ కలిగింది.

"ఏమండీ, నాకు చీరలొద్దు, నగలొద్దు. మనిద్దరం కలిసి ఒక్క ఫొటో దిగాలి. మీ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ముందుగదిలో పటం కట్టిస్తాను."

ఆ రోజుల్లో మాస్టారి కుడి చూపుడువేలి కొసకు బొమ్మ టోపీ అంత డిప్ప ఉంది. దాన్ని ఓసారి చూసుకుని, "ఆరు వారాలోయ్. నలభై రెండు రోజులు. ఇది అయిపోగానే వెళ్దాం. మధ్యలో కొత్తది తీసుకోను," అని మాటిచ్చాడు.

టీచరు గారు వంటగది క్యాలెండరులో రోజుకో గీత పెట్టడం మొదలుపెట్టింది. ముప్పై తొమ్మిదో గీత పెట్టిన సాయంత్రం మాస్టారు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"లెక్క మళ్లీ మొదటికొచ్చింది," అన్నాడు.

"ఎందుకొచ్చింది?"

"వేలు వంగింది. ఈ రకం దెబ్బకు కొస ఒక్కసారి వంగినా చాలు, అప్పటిదాకా అతుక్కున్నది మళ్లీ విడిపోతుంది. ఒకటి నుంచి లెక్కపెట్టాలి."

ఆవిడ ఆయన వేలు లాక్కుని చూసింది. స్కేలు పెట్టి గీసినట్టుంది. "ఇది వంగిందా?"

"ఇది వంగలేదు."

కోపం వచ్చినప్పుడు ఆవిడ అడగదు, పళ్లెం చప్పుడయ్యేలా పెడుతుంది. రెండోసారి పదిహేడో గీత దగ్గర లెక్క మళ్లీ మొదటికొచ్చింది. ఆ పూట పళ్లెం చప్పుడు మూడిళ్ల అవతలికి వినిపించింది.

మూడో విడత పన్నెండో రోజున బడికి సెలవు. ఆవిడ క్యాలెండరును మేకు మీంచి తీసి సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది. ఈ మనిషి పైఅధికారి ముందే ఈ గీతలు పరిచి, ఇదెక్కడి పరీక్షో తేల్చుకోవాలని ఆవిడ పట్టుదల.

చేతుల విభాగం మెట్ల కింద చిన్న గది. తలుపు ఓరగా ఉంది. వేడినీళ్ల తొట్టి పొగలు కక్కుతోంది, గోడకు రకరకాల కత్తెరలు వేలాడుతున్నాయి. బల్లకు ఇటు మాస్టారు, అటు కాకీ చొక్కాలో ఒక మనిషి. జాతకం చెప్పే కండక్టరే అతను. బల్లమీద అతని కుడి చూపుడువేలు, దానికి బొమ్మ టోపీ అంత డిప్ప.

"ఇంక నా వల్ల కాద్సార్," అంటున్నాడు కండక్టరు. "మొదటిసారి టిక్కెట్టు లేకుండా దిగిపోయేవాణ్ని పట్టుకోబోయి వంగింది. రెండోసారి దురదేసి ఒక్క నిమిషం విప్పాను. ఎడంచేత్తో టిక్కెట్లు చింపలేక చస్తున్నాను. జనం తిడుతున్నారు. వేలు వాలిపోతే వాలిపోనివ్వండి, విప్పేస్తాను."

"విప్పితే మళ్లీ నిలబడదు. ఈ వేలితో టిక్కెట్టు చింపడం జన్మలో కుదరదు. తెలుసా?"

"తెలుసు సార్. అయినా విసుగొచ్చింది."

"సరే," అన్నాడు మాస్టారు. తన వేలు కూడా బల్లమీద అతని వేలి పక్కన పెట్టాడు. "ఒప్పందం ఒప్పందమే. నువ్వు విప్పితే నేనూ విప్పుతాను. నీవి ముప్పై తొమ్మిది, పదిహేడు, పన్నెండు. నావీ అంతే. ఒక్కరోజు ఎక్కువ లేదు, తక్కువ లేదు. నా వేలు కూడా దురదేస్తోందయ్యా."

కండక్టరు రెండు వేళ్లనూ మార్చి మార్చి చూశాడు.

"పైగా నీకు జనం తిట్లే. నాకు ఇంట్లో క్యాలెండరుంది. ఒక్క ఫొటో కోసం మా ఆవిడ రోజుకో గీత పెడుతోంది. రెండుసార్లు మాట తప్పాను. వంటగదిలోకి వెళ్లాలంటే గుండె దడ. నీకంటే నాకే తొందరగా ఉంది. అయినా నేను విప్పలేదు."

టీచరు గారు లోపలికి వెళ్లకుండా, సంచి ఒళ్లో పెట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంది. ఫైళ్లు తీసుకుని అటొచ్చిన నర్సు, రోగి తాలూకు మనిషనుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"మీవాళ్లు విప్పేస్తామంటున్నారా అమ్మా? అలాంటివాళ్లనే సార్ ఎంచుకుంటారు. ఎప్పుడో ఒక చిన్నపిల్ల, అరచెయ్యి కాలింది, ఎంత చెప్పినా పెట్టుకోలేదట. 'నువ్వు పెట్టుకుంటే నేనూ పెట్టుకుంటా' అందట. అప్పట్నుంచీ ఇదే పని. ఎవరు మధ్యలో వదిలేస్తారో సార్‌కి చెయ్యి చూడగానే తెలిసిపోతుంది. పాపం, ఇంట్లో నానా మాటలూ పడతారట."

నానా మాటలూ అన్నది తనేనని టీచరు గారికి వేరే చెప్పనక్కర్లేదు. సిగ్గేసింది. కాస్త గర్వంగానూ ఉంది. ఇరవై రెండేళ్లు దాచినందుకు కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈ మూడింటితోనూ తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

మాస్టారు లేచి నిలబడ్డాడు. "నువ్వా?"

"నాకెందుకు చెప్పలేదు?"

"రోగుల సంగతి బయట చెప్పకూడదోయ్."

"నేను బయటా?"

"ఇల్లు ఆసుపత్రికి బయటే కదా," అన్నాడు మాస్టారు బిక్కమొహంతో.

ఆవిడ ఆయన్ని వదిలేసి కండక్టరు వైపు తిరిగింది. క్యాలెండరు తీసి బల్లమీద పరిచింది. "ఇదిగో బాబూ, ఇవన్నీ నీ గీతలే. ఇంకా ముప్పై రోజులు. నాకు ఫొటో ఈ వేళే కావాలి. ఈయనకు ఒక్క గంట సెలవిస్తావా?"

కండక్టరు ముఖం ఒక్కసారిగా అధికారి ముఖమైపోయింది. "నాకు ఇచ్చారా అమ్మా గంట సెలవు? ఒక్క నిమిషం దురదకే లెక్క మొదటికి తెచ్చారు. కుదరదు."

"ఈయన బదులు నేను వేసుకుంటే?"

కండక్టరు ఆలోచించాడు. "మీరైతే సరే. కానీ వంచకూడదు."

మాస్టారు చిన్న ముక్క కత్తిరించి నీళ్లలో వేశాడు. మెత్తబడగానే తీసి తుడిచి, చెంపకు ఆనించి చూసి, భార్య చూపుడువేలి మీద పరిచాడు. గోరువెచ్చగా అతుక్కుంది. రెండు వేళ్లతో అదిమి, కదలకుండా, గడియారం చూస్తూ మూడు నిమిషాలు పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన తన వేలు అంతసేపు పట్టుకోవడం అదే మొదటిసారి అని ఆవిడ లెక్కవేసింది. పైకి మాత్రం, "ఇంకా ఎంతసేపు?" అంది.

ఫొటో స్టూడియోలో మాస్టారికి చిక్కొచ్చిపడింది. "సార్, చేతులు మామూలుగా పెట్టండి," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"మామూలుగా అంటే ఎలా?"

జేబులో పెట్టుకుని చూశాడు. వెనక్కి పెట్టుకున్నాడు. మోకాళ్ల మీద పరిచాడు. అరువు తెచ్చుకున్న చేతుల్లా ఎక్కడా కుదరలేదు. చివరికి, బిగువు సరిపోయిందో లేదోనని, రెండు చేతులతోనూ భార్య వేలు పట్టుకుని చూస్తుండగా ఫొటోగ్రాఫరు నొక్కేశాడు. ముందుగదిలో ఇప్పుడున్న పటం అదే. మాస్టారి చేతులు రెండూ ఖాళీగానే ఉన్నాయి. డిప్ప మాత్రం సరిగ్గా మధ్యలో ఉంది.

గంట అయ్యాక మాస్టారు తనది తొడుక్కున్నాడు. టీచరు గారు తనది తియ్యలేదు. మర్నాడు పక్కింటావిడ సీసా పట్టుకుని వస్తే, టీచరు గారు వేలు పైకెత్తి, ఎంతో విచారంగా, "నాకు ఇది ఉందిగా," అంది. పక్కింటావిడ నోరు వెళ్లబెట్టింది. ఆ సీసా మూత ముప్పై రోజులూ రాలేదు.

నలభై రెండో రోజు సాయంత్రం ముగ్గురూ బల్ల చుట్టూ చేరారు. మాస్టారు కండక్టరు వేలు బల్లకు ఆనించి మెల్లగా డిప్ప లాగాడు. "ఇప్పుడు ఎత్తు," అన్నాడు. వేలు పైకి లేచింది. కొస ఒక్క క్షణం వణికింది, తర్వాత నిటారుగా నిలబడింది. కండక్టరు ఆ వేలినే తిప్పి తిప్పి చూసుకుంటూ, "ఇదెవరిదో కొత్త వేల్లా ఉంది సార్," అన్నాడు.

"ఇంకో నాలుగు వారాలు పడుకునేటప్పుడు పెట్టుకోవాలి," అన్నాడు మాస్టారు.

ఆ తర్వాత వారం దంపతులిద్దరూ బస్సెక్కారు. కండక్టరు కుడిచేత్తో రెండు టిక్కెట్లు చింపి, అవసరం లేకపోయినా ఇంకోసారి వేలు చాపి, "ముందుకు జరగండి," అని గర్వంగా చూపించాడు. ఒక పెద్దమనిషి మాస్టారి ఎడమ మణికట్టు చూసి చటుక్కున లేచాడు. దానికి అప్పటికే కొత్త డిప్ప ఉంది.

"అయ్యో, ఎలా తగిలిందండీ?"

మాస్టారు నోరు తెరిచేలోగా టీచరు గారు అందుకుంది. "చెయ్యి ఆయనదేనండీ. దెబ్బ ఆయనది కాదు."

పెద్దమనిషి కండక్టరు వైపు చూశాడు. కండక్టరు అవునన్నట్టు తలాడించాడు.

ఖాళీ అయిన సీట్లో ఆవిడే కూర్చుంది. మొగుడి చొక్కా పట్టుకుని కిందికి వంచి, చెవిలో అడిగింది. "ఎవరిది?"

"చెప్పకూడదోయ్. ఆరేళ్లుంటాయి. అంతకంటే అడక్కు."

"సరే, అడగను. ఎన్ని వారాలు?"

"మూడు."

టీచరు గారు సంచిలోంచి క్యాలెండరు తీసి ఒళ్లో పరుచుకుని, ఆ రోజు మీద మొదటి గీత పెట్టింది.