నాన్న బిగించిన స్క్రూ

నేను మాట్లాడకుండ పని చేసుకుంటే చాలు, మా ఇంట్ల అలిగిననుకుంటరు.

రేపు నాగర్‌కర్నూల్‌ల నాకు ఇంటర్వ్యూ ఉంది. "లారీల రోడ్డు, కారు నేనే తోల్త" అన్నడు నాన్న. సరే, బ్రేకు డిస్కన్న మారుద్దామని ఇయ్యాల చక్రం ఊడదీసిన. డిస్కును పట్టుకున్న చిన్న స్క్రూ ఎంతకూ రాలే. కిందటిసారి నాన్న దాన్ని ట్రాక్టర్ బోల్టు లెక్క బిగించిండు. తల అరిగి నున్నగైంది. నూనె పోసి, ఉలి పెట్టి, సుత్తెతోని మెల్లగ కొట్టుకుంట గంటసేపు నోరు తెరవలే.

అమ్మ వాకిట్లకొచ్చి చూసి నాన్న మీద లేసింది: "కారు ఇయ్యనంటివి గద, బిడ్డ అన్నం గూడ తినకుండ సుత్తె పట్టింది!"

నాన్న వచ్చి పక్కన కూసున్నడు. "కోపమెందుకు బిడ్డా, రేపు పోయేటప్పుడు నువ్వే తోలు. జర ఆ సుత్తె కింద పెట్టు."

గప్పుడే స్క్రూ కదిలింది. నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్న. నాన్న దాన్ని ఏడుపనుకున్నడు.

"సరే సరే, వచ్చేటప్పుడు గూడ నువ్వే."

నాన్నకు నిజం చెప్పాలె అనేటోళ్లు కామెంట్ల చెప్పుండ్రి, చదువుత. కానీ నేను చెప్పను. రేపు రానూ పోనూ కారు నేనే తోల్త.